నూట తొంభయ్యో అడుగు

కేశనపల్లిలో మాకిది మూడో బోరు.
ముందు రెండూ ఉప్పే.
తాతారావు మేస్త్రీ గొట్టం మీద అరచెయ్యి మూస్తూ తెరుస్తూ ఉంటే
గుటక్ గుటక్కని
ఎప్పుడెప్పుడు మింగిందో అదంతా కక్కుతోంది నేల.

నాకు నేల లెక్క తెలీదు. ఎండ లెక్క తెలుసు.
రొయ్యపప్పు ఎండబెట్టి అమ్ముకునేదాన్ని.
మాఘంలో రెండు రోజులు, చైత్రంలో ఒక్క పూట.
మబ్బు పట్టిందా, మూడోనాటికి కంపు, నాలుగోనాటికి పురుగు.
ఆకాశంలో ఏం జరిగినా
ముందు తెలిసేది నా బరకం మీదే.

ముప్పై అడుగుల దాకా గోదారి ఒండ్రు.
యాభైకి మడవేళ్లు, నల్లగా, ఇంకా చెమ్మగా.
తొంభైకి ఆల్చిప్పలు.
మేస్త్రీ ఒక ముక్క నాలిక్కి రాసుకుని
"ఇంకా సముద్రంలోనే ఉన్నామమ్మా, దిగాల" అన్నాడు.
నూట తొంభైకి నీళ్లు బూడిదరంగు తిరిగాయి.
బకెట్లో పేరుకున్నాక తీస్తే రెండు దోసిళ్లు,
నలిపితే గాజుపొడిలా కరకర.
"ఇది గోదారి తెచ్చింది కాదే!"
ముప్పై ఏళ్లుగా నేలని నోటితో చదివినవాడు
మొదటిసారి ఉమ్మేసి పుక్కిలించాడు.

మా వదిన మేనకోడలు ఎస్తేరు రాణి
విశాఖలో రాళ్ల చదువు చదువుతోంది.
వచ్చి, జిప్పు సంచిలోకి ఎత్తుకుంది.
"ఖాయంగా చెప్పలేనత్తా, మైక్రోస్కోపు కింద చూడాలి.
సుమత్రాలో ఒక కొండ
డెబ్బై నాలుగు వేల ఏళ్ల కింద పేలింది.
దాని బూడిద మన నదుల ఒడ్డున చాలాచోట్ల దొరికింది.
ఇదీ అదే కావచ్చు. కాకపోనూవచ్చు."

అప్పుడు వరి లేదు, వల లేదు.
ఎవరో ఒకరు ఉండే ఉంటారు,
తలెత్తి, నోరు తెరిచి,
పడేది వాన కాదని తెలిసి మూసుకున్నవాళ్లు.

కొండ పేలితే కొండ కిందివాళ్లకే చేటనుకున్నాను ఇన్నాళ్లూ.
ఆ పొగ మబ్బులు దాటి పోతుందట,
వాన కడగలేనంత ఎత్తుకి.
అక్కడ గంధకం పాలమీద మీగడలా పరుచుకుంటే
కొంత ఎండ నడిదారిలోనే వెనుదిరుగుతుందట.
నేల కాగకపోతే సముద్రపు గాలి
ఎవరింటికి రావాలో మరిచిపోతుందట.
నైరుతి అంటే అంతేనా,
ఎండకి గాలి తీర్చే బాకీ?

రెండొందల ఏళ్ల కింద ఇంకో కొండ.
మరుసటేడు దూరదేశాల్లో వేసవే రాలేదంది.
ఇటువైపు వాన రావలసినప్పుడు రాక,
పోవలసినప్పుడు పోక.
"మరి డొక్కల కరువో? దానికీ ఏదో కొండేనా?"
"కొట్టుకుంటున్నారత్తా, ఇంకా తేలలేదు."

పచ్చ సూరీడు సంగతి నేనే ఎత్తాను.
మా ముత్తవ్వ వాళ్లమ్మ చెప్పేదట,
పొద్దు చిలకపచ్చగా పొడిచిన రోజులున్నాయని.
కళ్లలో పువ్వు పడిన ముసలిదని నవ్వేవారట.
ఎస్తేరు ఫోను తీసి చూసింది, చూసి కాసేపు మాట్లాడలేదు.
పద్దెనిమిదొందల ఎనభై మూడు, భాద్రపదం.
మద్రాసులో దొరలూ చూశారట.
దొరలు చూశారు గనక పుస్తకంలోకెక్కింది.
మా ముసలమ్మ చూసింది గనక తిట్టయింది.
ఇప్పటికీ మా ఇంట్లో సరిగా ఎండని చేపని
"పచ్చసూరీటి సరుకు" అనే అంటాం.

వెళ్తూ వెళ్తూ రోడ్డు చూపించింది.
"ఆ కంకర పంగిడిదేగా? అదీ ఒకప్పటి లావాయే.
ఈ నల్లరేగడిలో ఉన్నదీ చాలావరకు దక్కను కొండల పిండే."
అరవై ఏళ్లుగా చల్లారిన నిప్పు మీద
ఉత్తికాళ్లతో తిరుగుతున్నానన్నమాట,
దాన్నే వండుకుని తింటూ.

రెండొందల ఇరవైకి గొట్టాలైపోయాయి.
ఉప్పే.
మేస్త్రీ సగం కూలి వద్దన్నాడు.
సంచి విశాఖ వెళ్లింది, కబురు లేదింకా.

బకెట్టు అడుగున చారెడు మిగిలితే
బూడిదే కదా అని రాగిబిందె తోమాను.
కడగడానికి మంచినీళ్లెక్కడివి,
ఆ బోరునీళ్లతోనే తొలిచి, బోర్లించకుండా ఎండలో పెట్టాను.
కళ్లు చెదిరాయి.
చెయ్యి అడ్డం పెట్టుకుని బరకం దగ్గరకెళ్లి
రొయ్యల్ని రెండోవైపుకి తిరగేశాను.
ఇవాళ ఎండ గట్టిగానే ఉంది.
సందేళకి ఎత్తేయొచ్చు.